తువ్వాలు ఎవరు విసరాలి?

డా నాంగ్, వియత్నాం
4 జూన్ 2025

నోరు మెదపకూడని అత్తకి, నోరే బతుకుతెరువైన మేనకోడలు రాస్తున్న ఉత్తరం.

ఎలా ఉన్నావని అడగను. అడిగితే జవాబు చెప్పబోతావు, చెప్పబోతే మామయ్య పరిగెత్తుకొచ్చి నీ నోటికి చెయ్యి అడ్డం పెడతాడు. బంజారా హిల్స్ డాక్టరు ఆరు వారాలు ఒక్క మాట కూడా వద్దన్నాడని నాన్న చెప్పగానే ముందు నవ్వొచ్చింది, ఏమనుకోకు. ముప్పై నాలుగేళ్ళుగా డబ్బింగ్ థియేటర్లో నిలబడి సినిమా తల్లులందరి బదులూ ఏడ్చినదానివి, అత్తగార్లందరి బదులూ తిట్టినదానివి, ఇప్పుడు పలక పట్టుకుని కూర్చున్నావంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ తర్వాత భయమేసింది. బామ్మ పాత్ర క్లైమాక్స్ ఇంకా మిగిలే ఉందిగా! వాగు అవతల ఉన్న మనవణ్ణి పిలిచే ఆ ఒక్క కేక కోసం పదమూడు టేకులు ఇచ్చావట. ఎవరడిగారు అన్ని? డైరెక్టర్ శ్రీకృష్ణ గారు మూడో టేకుకే బాగుందన్నారని, నీకే నచ్చలేదని, సౌండ్ చూసే తిరుమలేశ్ అన్న నాన్నతో చెప్పాడట. నీ మొండితనం నాకు కొత్త కాదులే.

ఫోన్లో మాట్లాడుకునే వీల్లేదు కాబట్టి ఉత్తరాలు రాసుకుందాం. నువ్వు ఫోన్లో టైపు చేస్తే నాలుగు అక్షరాలకి ఆరు తప్పులు. కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. నేనూ అలాగే పంపుతున్నాను.

ఇక్కడ నా తంటా వేరు. నా సాయంత్రం క్లాసులో పధ్నాలుగు మంది. బీచ్ హోటల్లో వంట చేసే హుంగ్ గారు, రిసెప్షన్‌లో కూర్చునే లిన్, ఇంకా అలాంటివాళ్ళే. పగలంతా పని చేసి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంటారు. ఈ నెల పాఠం, ఇంగ్లీషులో 'ఇక వదిలేశాను' అని చెప్పే మాటలు. గివ్ అప్, త్రో ఇన్ ద టవల్, కాల్ ఇట్ క్విట్స్, కాల్ ఇట్ ఎ డే. వీళ్ళకి 'థోయ్' అని చిన్న మాట ఒకటుంది. అన్నం చాలన్నా థోయ్, గొడవ ఆపమన్నా థోయ్, పోనీలే అన్నా థోయ్. ఆ అలవాటుతో ఇంగ్లీషులోనూ అన్నిటికీ ఒకటే మాట వాడేస్తున్నారు. 'నేను రోజూ రాత్రి తొమ్మిదికి వంటని గివ్ అప్ చేస్తాను' అంటారు హుంగ్ గారు. అంటే వంటే మానేస్తానన్నట్టు! పాపం, స్టవ్ కట్టేసి ఇంటికి పోవడం ఆయన ఉద్దేశం. అర్థాలు చెప్పాను, రాసుకున్నారు, గడగడా అప్పజెప్పారు కూడా. కానీ ఏ వాక్యమైనా పధ్నాలుగు మందీ ఒకే గొంతుతో చెబుతున్నారు, స్టేషన్‌లో రైలు ఆలస్యమని చెప్పినట్టు. నెలాఖరున మా సెంటర్ హెడ్ థావ్ మేడం వచ్చి క్లాసు చూస్తారు. నన్ను ఇంకో ఏడాది ఉంచాలా వద్దా అన్నది అప్పుడే తేలుతుంది.

రెండో కాగితంలో అయిదు ఇంగ్లీషు వాక్యాలున్నాయి. నీ కోసం తెలుగు అక్షరాల్లో రాశాను, అర్థం మామయ్యని అడుగు. ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు అత్తా. నువ్వే దారి చూపించాలి.

నీ తిట్లు వినక బెంగ పెట్టుకున్న
నిహారిక


ఫిల్మ్ నగర్, హైదరాబాద్
9 జూన్ 2025

నిహారికా,

ఆశీర్వాదాలు తర్వాత. ముందు ఒక్కటి చెప్పు. అతనెవరు?

నీ రెండో కాగితం మీ మామయ్య చేతిలో పెట్టి చదివి చెప్పమన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మొదలెట్టారు. 'పోయినేడాది నేను సిగరెట్లు మానేశాను.' 'ఏడాదిన్నర కలిసున్నాక నేనూ నా భర్తా ఇక చాలనుకున్నాం.' 'ఎంతో పోరాడాను, ఆఖరికి తువ్వాలు విసిరేశాను.' 'ఇక నా వల్ల కాదు, నువ్వే చెప్పు.' 'చీకటి పడింది, ఇవాళ్టికి చాలు.' అక్కడితో ఆయన కళ్ళజోడు తీసేశారు. నేను పలక మీద 'మళ్ళీ' అని రాశాను. మళ్ళీ చదివారు. ఇద్దరం మంచం మీద కూలబడ్డాం. కాఫీ చల్లారిపోయింది.

పాఠం అని పైన రాశావు. నేను నమ్మలేదు. నువ్వు ఎవరి మేనకోడలివి అనుకున్నావ్? ముప్పై నాలుగేళ్ళుగా రోజూ కాగితం చూసి మాట్లాడుతున్నదాన్ని. మా థియేటర్లో ఒక కాగితం చేతికిచ్చారంటే అందులో ఒకే మనిషి ఉంటుంది. వరసగా ఉన్న మాటలన్నీ ఆ మనిషివే. నీ కాగితంలో అన్నీ 'నేను, నేను' అనే ఉన్నాయి. పైగా 'ఎలా చెప్పాలో తెలియడం లేదు అత్తా' అని కూడా రాశావు. ఇంకా ఏం కావాలి?

సిగరెట్లు మానేశావు, సంతోషం. మొదలెప్పుడు పెట్టావే? అక్కడికెళ్ళి రెండేళ్ళయింది. రెండేళ్ళలో పెళ్ళీ, సిగరెట్లూ, విడిపోవడమూ అన్నీ పూర్తి చేసేశావా? చిన్నప్పుడు ఒక్క హోంవర్క్ చెయ్యడానికి నాలుగు రోజులు తీసుకునేదానివి! అతను అక్కడివాడైనా నాకు పట్టింపు లేదు. విడిపోతే పోయారు, ఒకసారి ఫోటో పంపు. ఎలాంటివాణ్ణి వదులుకున్నావో చూస్తాను.

నా సంగతులు ఏం రాయను. ఇంట్లో పనిచేసే భూలక్ష్మికి పలక మీద రాస్తే చదవడం రాదు, నాకు నోరు తెరిచే వీల్లేదు. ఇద్దరం చేతులతో మాట్లాడుకుంటున్నాం. నిన్న వంకాయ కూర చెయ్యమని సైగ చేస్తే గుడ్లు ఉడకబెట్టింది. మీ మామయ్య మాత్రం బాగా ప్రశాంతంగా ఉన్నారు. ఇంత ప్రశాంతంగా ఉన్నందుకు మాట వచ్చిన రోజున ఆయనతోనే మొదలుపెడతాను.

మొన్న తిరుమలేశ్ వచ్చాడు. "అమ్మా, నువ్వు లేకపోతే థియేటర్ల సప్పుడే లేదు. జర జల్ది రా" అన్నాడు. శ్రీకృష్ణ జూలై పదిహేను దాకా ఆగుతాడట. అప్పటికీ నా గొంతు రాకపోతే యూసుఫ్‌గూడలో ఉండే స్ఫూర్తి అనే అమ్మాయి చేత బామ్మ డబ్బింగ్ మొత్తం మొదట్నుంచీ చెప్పిస్తాడట. ఇరవై రెండేళ్ళ పిల్ల! నా బామ్మని ఆ పిల్లకి ఇస్తాడట! నాకు జూలై పదమూడుకి మౌనం తీరుతుంది. చూస్తాను ఎలా ఇస్తాడో.

నీ గది దులిపించాను, దుప్పటి మార్చాను. ఏం ఆలోచించకుండా వచ్చెయ్.

అత్త


డా నాంగ్
10 జూన్ 2025

అత్తా, అత్తా, అత్తా!

నాకు భర్త లేడు. ఉన్నాడని తెలిస్తే నేనూ చూడాలనుకుంటున్నాను. సిగరెట్ నా జన్మలో ముట్టలేదు. ఆ అయిదు వాక్యాలూ అయిదు వేరు వేరు మనుషులు చెప్పే మాటలు. పాఠ్యపుస్తకాల్లో అలాగే రాస్తారు, ఒకదాని కింద ఒకటి!

మామయ్య నాన్నకి కూడా చెప్పేశాడు కదూ? ఆదివారం నాన్న ఫోన్ చేసి పది నిమిషాలు ఇక్కడి వానల గురించి అడిగాడు. నాన్న ఏనాడైనా వానల గురించి అడిగాడా? చివర్లో 'ఏం జరిగినా మనకొక ఇల్లుందమ్మా' అని టక్కున పెట్టేశాడు. ఆయనకి ఒంట్లో బాగాలేదేమోనని నేను రెండు రోజులు హడలి చచ్చాను. నీ ఉత్తరం చూశాక సంగతి తెలిసింది. దయచేసి ఎవరైనా ఆయనకి చెప్పండి, నేను పెళ్ళి కానిదాన్నేనని.

నవ్వీ నవ్వీ లిన్‌కి చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు. 'మీ అత్తగారు చెప్పింది నిజమే టీచర్, ఇవి ఎవరు అంటున్నారో మాకు కూడా తెలియదు' అంది. నిజంగానే, ఎవరంటున్నారు అత్తా?

దుప్పటి మార్చినందుకు మాత్రం ముద్దులు.
నిహారిక


ఫిల్మ్ నగర్
15 జూన్ 2025

పెళ్ళికాని మేనకోడలికి, ఊపిరి పీల్చుకున్న అత్త దీవెనలు.

ఫోటో చూడలేకపోయానని కాస్త దిగులుగానే ఉంది. మీ నాన్నకి మీ మామయ్యే చెప్పారు. ఆయన నమ్మకుండా మూడు సార్లు అడిగాడట. ఇంకా పూర్తిగా నమ్మినట్టు లేదు.

తప్పు నాది కాదు, నీదే. అయిదుగురు మనుషుల్ని ఒక కాగితం మీదకి ఎక్కించి, ఒక్కళ్ళ ఊరూ పేరూ చెప్పకుండా, 'ఎలా పలకాలి' అంటావేంటి? మేం మైకు ముందు నిలబడగానే అడిగే మొదటి మాట, 'ఎవరమ్మా ఈవిడ?' రెండో మాట, 'ఇంతకుముందు ఏం జరిగింది?' అవి తెలియకుండా దగ్గమన్నా దగ్గను నేను. నీ పిల్లల గొంతు చదునుగా ఉందంటే ఉండదూ? పాపం వాళ్ళు ఎవరి బదులు మాట్లాడాలి?

అందుకని మనుషుల్ని పంపుతున్నాను. రాసుకో.

సిగరెట్లు మానేసినవాడు లారీ డ్రైవరు. మనవరాలు పుట్టింది. ఎత్తుకోబోతే ఆ వాసనకి పిల్ల మొహం తిప్పేసుకుంది. ఆ సాయంత్రమే ప్యాకెట్ కాలవలో పారేశాడు. ఈ మాట అనేటప్పుడు వాడు ఏడవడు, గొప్పలు పోతాడు.

భర్తతో ఇక చాలనుకున్నావిడ టైలరు. మన కృష్ణానగర్‌లో కుట్టుమిషన్ పెట్టుకున్నావిడే అనుకో. ఆవిడకి కోపం అయిపోయి చాలా రోజులైంది. సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అంటుంది.

'ఇక నా వల్ల కాదు, నువ్వే చెప్పు' అనేది చిన్నపిల్ల. పొడుపుకథ విప్పలేక ఓడిపోయింది, నవ్వుతోంది. మీ మామయ్య దాన్ని చదివినప్పుడు నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి, చూడు ఎంత పొరపాటో.

'చీకటి పడింది, ఇవాళ్టికి చాలు' అనేది తాపీమేస్త్రీ. గోడ సగం లేచింది. చేతులు కడుక్కుంటున్నాడు. వాడికి దిగులేం లేదు, ఆకలేస్తోంది అంతే.

ఇక తువ్వాలు. దీని దగ్గర నేను ఆగిపోయాను. మీ మామయ్యకి ఆ మాట తెలుసట. కాలేజీలో బాక్సింగ్ ఆడి ముక్కు వంకర చేసుకున్న మనిషి కదా. తువ్వాలు విసిరేది దెబ్బలు తినేవాడు కాదట. వాడికి ఒళ్ళు తెలీదు, ఇంకా కొట్టుకుంటానంటాడు. రింగు బయట నిలబడ్డ వాడి మనిషి ఉంటాడే, నీళ్ళు తాగించేవాడు, వాడు చూడలేక విసురుతాడట. 'చాలు, మా వాణ్ణి వదిలేయండి' అని. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఈయన ఇంత సేపు మాట్లాడటం ఇదే మొదటిసారి. నేను మధ్యలో అడ్డం పడలేను కాబట్టి కుదిరింది.

నీ పాఠం ఎలా జరిగిందో వివరంగా రాయి.
శారదత్త, పలక సమేతంగా


డా నాంగ్
28 జూన్ 2025

డైలాగు గురువుగారైన అత్తకి,

నువ్వు పంపిన మనుషులు విమానం ఎక్కకుండానే వచ్చేశారు! రెండు వారాలు క్లాసులో వాళ్ళే ఉన్నారు. పధ్నాలుగు మందికీ చెప్పాను, వాక్యం తర్వాత, ముందు ఆ మనిషెవరో చెప్పండి అని. లిన్ తన టైలరుకి కాలి నొప్పి కూడా పెట్టింది. ఇంకొకాయన లారీ డ్రైవరు మనవరాలికి పేరు పెట్టేశాడు.

నిన్న థావ్ మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆవిడ నవ్వగా ఎవరూ చూడలేదు. అందరూ బాగానే చెప్పారు. చివర్లో హుంగ్ గారు లేచారు, తాపీమేస్త్రీగా. లేని బకెట్లో చేతులు ముంచి కడుక్కున్నారు. గోడ వంక చూశారు. నడుం పట్టుకుని, ఇవాళ్టికి చాలన్నట్టు, 'కాల్ ఇట్ ఎ డే' అన్నారు. అంతే, థావ్ మేడం బ్యాగు తగిలించుకుని లేచి తలుపు దాకా వెళ్ళిపోయారు! క్లాసు అయిపోయిందనుకున్నారట. ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆవిడ వెనక్కి తిరిగి చూసి, సంగతి తెలుసుకుని, పగలబడి నవ్వారు. ఇంకో ఏడాది ఉండమన్నారు అత్తా.

అందరూ నిన్ను అడుగుతున్నారు. నీ గొంతు ఎప్పుడొస్తుందని హుంగ్ గారు రోజులు లెక్కపెడుతున్నారు. ఇంకా పదిహేను.

నీ దయవల్ల ఉద్యోగం నిలిచిన
నిహారిక


ఫిల్మ్ నగర్
16 జూలై 2025

నిహారికా,

చిన్న ఉత్తరమే రాస్తున్నాను. మాట్లాడొచ్చు, అయినా రాస్తున్నాను, మాట్లాడబుద్ధి కావడం లేదు.

పదమూడున డాక్టరు చూసి మాట్లాడుకోవచ్చన్నాడు. కేకలు మాత్రం వద్దన్నాడు. నేను వింటానా? నిన్న థియేటరుకి వెళ్ళాను. మాటలన్నీ వచ్చాయి. కాస్త మందంగా ఉన్నాయి, అయినా బామ్మే కదా, ఎవరూ కనిపెట్టలేదు. కేక దగ్గరికొచ్చాను. మనవడి పేరులో మొదటి అక్షరం వచ్చింది. రెండో అక్షరానికి గాలి వచ్చింది. మళ్ళీ వేశాను. మళ్ళీ గాలే. తిరుమలేశ్ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, "మంచినీళ్ళు తాగమ్మా" అన్నాడు. వాడు ఎప్పుడూ అలా అనడు. 'ఇంకోటి' అంటాడు.

శ్రీకృష్ణ ఇంకో వారం ఆగుతానన్నాడు. జాలిపడి ఇచ్చిన వారం నాకెందుకు? కేక వెయ్యలేని దానికి మైకు ఎందుకు? ఈ సినిమా ఒక్కటే కాదు, మొత్తం వదిలేస్తున్నాను. నీ పాఠంలో మాట ఉందిగా, తువ్వాలు విసిరేశాను. సరిగ్గానే వాడానా?

ఏడుస్తానని ఫోన్ చెయ్యకు. గొంతుకి మంచిది కాదు.

అత్త


డా నాంగ్
17 జూలై 2025

అత్తా,

తప్పు వాడావు. నూటికి సున్నా.

తువ్వాలు విసరడం రింగులో ఉన్నవాళ్ళ పని కాదని నువ్వే రాశావు. ఆ ఉత్తరం నా దగ్గరుంది, కావాలంటే ఫోటో తీసి పంపిస్తాను. నీ తువ్వాలు విసరాల్సింది మామయ్య. లేకపోతే నేను. లేకపోతే తిరుమలేశ్ అన్న. మేమెవరమూ విసరలేదు. నీకా హక్కు లేదు.

నీ ఉత్తరం చదివి బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను, నీకు నిజం చెప్పాలి కదా. చిన్నప్పుడు అమ్మ ఆసుపత్రిలో ఉన్న ఆ నెల రోజులూ నువ్వే నన్ను పడుకోబెట్టేదానివి. కథలో ముసలమ్మ, రాజు, కోతి, అందరి గొంతులూ నువ్వే. వాటిల్లో ఒక్క కేక అయినా ఉందా? పక్కగదిలో మామయ్య నిద్రపోతున్నాడని అన్నీ గుసగుసగానే చెప్పావు. అయినా ఆ కోతి నాకు ఇప్పటికీ వినబడుతుంది.

కేక వదిలేయడం ఒకటి, డబ్బింగ్ వదిలేయడం ఒకటి. రెండూ ఒక కాగితం మీద రాసేసుకుని ఒకే మనిషి అనుకుంటున్నావు. నీకు అలవాటేగా!

హుంగ్ గారికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన ఇంగ్లీషులో అన్నారు, 'నేను రోజూ తొమ్మిదికి కాల్ ఇట్ ఎ డే అంటాను. పొద్దున ఆరింటికి మళ్ళీ స్టవ్ వెలిగిస్తాను. అత్తగారికి చెప్పండి' అని. ఒక్క తప్పు లేదు అత్తా. 'గివ్ అప్' అననే లేదు.

ఈ ఉత్తరం మామయ్యకి కూడా చూపించు.
నిహారిక


ఫిల్మ్ నగర్
24 జూలై 2025

నూటికి సున్నా వేసిన టీచరమ్మకి,

నీ ఉత్తరం మీ మామయ్యకి చూపించాను. చూపించకుండా ఉండాల్సింది.

సోమవారం మళ్ళీ థియేటరుకి బయల్దేరాను. ఆఖరిసారి ప్రయత్నిద్దామని. ఎప్పుడూ రాని మనిషి, ఈయన కూడా చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలు వేసుకుని బయల్దేరారు. ఎండగా ఉంది, చెమట తుడుచుకోవడానికి అన్నారు. నేను నమ్మాను చూడు! ఆటోలో ముందు షేక్‌పేట దాకా వెళ్ళాం. అక్కడ ఏదో మందుల షాపులో గొంతుకి బిళ్ళలు కొని, వెనక్కి తిరిగి థియేటరుకి చేరాం.

స్ఫూర్తి కూడా అక్కడే ఉంది. శ్రీకృష్ణ రమ్మన్నాడట. నన్ను చూసి లేచి నిలబడి, "మేడం, మీరుండంగ నేను చెప్పను. నాకు భయమైతుంది" అంది. నేను మొహం తిప్పుకుని మైకు దగ్గరికి వెళ్ళిపోయాను. మంచిగా ఉండబుద్ధి కాలేదు, అంతే.

మొదటి కేక, గాలి. రెండోది, గాలి. మూడోదానికి గొంతులో సూది గుచ్చినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తిరుమలేశ్ వంక చూసి 'ఇంకోటి' అని వేలు చూపించాను. అప్పుడే తలుపు తెరుచుకుంది. ఏదో తెల్లగా ఎగురుకుంటూ వచ్చి మైకు మీద పడింది.

తువ్వాలు! మీ మామయ్య తువ్వాలు!

"అరె సార్, ఏంది గిది? గా మైకు ఖరీదెంతనుకున్నరు!" అని తిరుమలేశ్ అరిచాడు. మీ మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. "చాలు శారదా. మా మనిషిని వదిలేయండి" అన్నారు. ముప్పై ఆరేళ్ళలో నలుగురిలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నాకు ముందు ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది, తర్వాత అక్కడే కుర్చీలో కూర్చుని భోరున ఏడ్చాను. ముప్పై నాలుగేళ్ళలో ఆ గదిలో నేను నా కోసం ఏడ్చింది లేదు.

కాసేపటికి నేనే స్ఫూర్తిని పిలిచాను. "మాటలన్నీ నావే. కేక ఒక్కటే నీది" అన్నాను. శ్రీకృష్ణ కూడా సరేనన్నాడు, ఒక్క కేకే కదా, నా గొంతులో కలిపేయొచ్చట. ఆ పిల్ల ఒకటి వేసింది. గట్టిగానే ఉంది, కానీ ఎవరి కేకా కాదది. "ఈవిడెవరే?" అని అడిగాను. "బామ్మ మేడం" అంది. "బామ్మ అని ఎవరూ ఉండరు. ఈవిడ పొద్దున్న మనవణ్ణి తిట్టింది. వాడు అన్నం తినకుండా వెళ్ళాడు. ఇప్పుడు వాగు అవతల కనిపించాడు. ఏమని పిలుస్తుంది?" అన్నాను. స్ఫూర్తి కళ్ళు మూసుకుంది. "మీరు నా పక్కకే నిలబడుర్రి మేడం" అంది. నిలబడ్డాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని వేసింది కేక. గది గోడలు అదిరాయి. నేను పదమూడు టేకుల్లో వెతికింది అదే. మీ మామయ్య కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు కోసం భుజం తడుముకున్నారు, అది మైకు మీదే ఉంది.

కాబట్టి లెక్క రాసుకో, ఈసారి తప్పు పట్టడానికి లేదు. కేక విషయంలో తువ్వాలు పడింది, విసరాల్సినవాళ్ళే విసిరారు. కాఫీ గివ్ అప్, డాక్టరు చెప్పాడు. రోజుకి ఒకటి దొంగతనంగా తాగుతున్నాను, ఆ సంగతి మీ మామయ్యకి రాయకు. ఇక నా మందపు గొంతు విని శ్రీకృష్ణ, తన తర్వాతి సినిమాలో ఊరి సర్పంచి పాత్రకి రమ్మన్నాడు. ఆవిడ అరవదు. మెల్లగా మాట్లాడుతుంది, ఊరంతా వింటుంది.

ఆ సాయంత్రం, మరీ మందంగా వచ్చిన బామ్మ మాటలు నాలుగు మళ్ళీ చెప్పడానికి మిగిలాయి. తిరుమలేశ్, "అమ్మా, ఇంకోటి తీస్కుందామా?" అన్నాడు. మళ్ళీ 'ఇంకోటి' అన్నాడు, విన్నావా! నేను హెడ్‌ఫోన్స్ తీసి, మీ హుంగ్ గారిలాగే చేతులు కడుక్కున్నట్టు దులుపుకుని, "కాల్ ఇట్ ఎ డే" అన్నాను.

"గదేంది అమ్మా? పానం మంచిగ లేదా? మొత్తానికే బంద్ పెడుతున్నవా?" అని వాడు కంగారు పడ్డాడు.

"కాదురా," అన్నాను. "అంటే రేపు పదింటికి వస్తానని."

మైకు దగ్గరికి బయల్దేరుతున్న
శారదత్త